చర్మంపై వైద్య జిగురు: అంటించే ముందు తీయడం నేర్చుకోండి

తాడుతో కట్టిన చేతిని విడిపించడానికి కత్తెర చాలు. సంకెల వేస్తే తాళంచెవి ఉంటుంది. జిగురుకు ఆ వెసులుబాటు లేదు. ‘ఆపు’ అన్న మాట వినిపించిన క్షణానికీ, చర్మం నిజంగా విడుదలైన క్షణానికీ మధ్య కొన్ని నిమిషాలు గడుస్తాయి. ఎంచుకున్న జిగురు సరైనది కాకపోతే కొన్ని రోజులే గడవవచ్చు. కింక్ ఆటల్లో (ఇద్దరూ ఒప్పుకుని ఆడే, మామూలుకు భిన్నమైన శృంగార ఆటల్లో) జిగురు వాడాలనుకునే జంటలు అన్నిటికన్నా ముందు ఆలోచించవలసింది ఈ వ్యవధి గురించే. ఏది గట్టిగా పడుతుంది అని వెతకకండి. ఏది ఎంతసేపట్లో, చర్మానికి హాని లేకుండా వదులుతుంది అని వెతకండి. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతాయి.

ఇది పద్దెనిమిదేళ్లు నిండి, ఇష్టపూర్వకంగా ఆడుకునే పెద్దవారికోసం రాసింది. ఒంటికి రాళ్లు, ఈకలు, వేషానికి కొమ్ములు, ముసుగు అంచులు అంటించుకునేవారు ఉంటారు. పట్టీ నెమ్మదిగా ఊడుతున్నప్పుడు కలిగే లాగుడును ఇష్టపడేవారు ఉంటారు. వేళ్లు కదలకుండా టేపు చుట్టించుకునేవారూ ఉంటారు. ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. మందుల దుకాణంలో అడగడానికి మొహమాటపడి, సొరుగులో దొరికిన చెప్పుల జిగురుతో సరిపెట్టుకోవడం వల్లే ఎక్కువ హాని జరుగుతుంది.

మొదట కూర్చుని మాట్లాడుకోండి

ఆట వేడిలో కాదు, ముందు రోజో, ఆ ఉదయమో మాట్లాడుకోండి. ఎక్కడ అంటించవచ్చు, ఎక్కడ అంటించకూడదు, ఎంతసేపు ఉంచాలి అన్నవి ఎలాగూ మాట్లాడుకుంటారు. జిగురు విషయంలో ఒక్క షరతు అదనంగా చేరుతుంది. అంటించుకునే వ్యక్తి, “నేను ఆపమన్నాక ఇది ఊడి రావడానికి ఇంత సమయం పడుతుందని నాకు తెలుసు, అందుకు ఒప్పుకుంటున్నాను” అని చెప్పగలగాలి. ఆ సమయమెంతో ఇద్దరికీ తెలియకపోతే ఆ సమ్మతి సగమే.

ఇక్కడి నుంచి ఒక కచ్చితమైన హద్దు గీసుకోవచ్చు. రెండు నిమిషాల్లో విడిపించలేని దేనితోనూ మనిషిని మనిషికి గానీ, మంచానికి, కుర్చీకి, గోడకు గానీ అంటించకండి. భుజం మీద అంటించిన ఈకను తీయడానికి పది నిమిషాలు పట్టినా ఫరవాలేదు. ఆ మనిషి లేచి నడవగలరు, నీళ్లు తాగగలరు, పక్క ఇంట్లో మంటలు లేస్తే పరుగెత్తగలరు. చేయి మంచం కోడుకు అంటుకుని ఉంటే ఇవేవీ కుదరవు. ఎవరినైనా కదలకుండా ఉంచడమే మీ కోరిక అయితే ఆ పనికి జిగురు తగదు. మెత్తని బెల్టు, తొందరగా ఊడే బకిల్ వాడండి. జిగురును అలంకరణకూ అనుభూతికీ పరిమితం చేయండి.

సంకేత పదాలు మామూలుగానే పెట్టుకోండి. ‘పసుపు’ అంటే నెమ్మదించమని, ‘ఎరుపు’ అంటే వెంటనే తీయడం మొదలుపెట్టమని. మాట రాని స్థితి వస్తే చేతిలోని తాళాల గుత్తిని కింద పడేయడం ‘ఎరుపు’తో సమానం. అయితే జిగురు ఉన్నప్పుడు ‘ఎరుపు’ కాస్త ముందుగానే పలకాలని అంటించుకునేవారు గుర్తుంచుకోవాలి. తట్టుకోలేని స్థితి వచ్చేదాకా ఆగితే, తీయడానికి పట్టే సమయమంతా ఆ స్థితిలోనే గడపవలసి వస్తుంది. మద్యం తాగిన రోజు జిగురు జోలికే పోవద్దు. మత్తు నొప్పిని కప్పేస్తుంది, చర్మం పంపే హెచ్చరిక ఆలస్యంగా అందుతుంది.

చట్టం గురించి రెండు మాటలు. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 25వ సెక్షన్ ప్రకారం, పద్దెనిమిదేళ్లు దాటిన వ్యక్తి సమ్మతితో చేసిన పనికి కొంత రక్షణ ఉంది. అయితే ఆ పని మరణాన్ని గానీ తీవ్రమైన గాయాన్ని గానీ ఉద్దేశించినదై ఉండకూడదు, అలాంటిది జరిగే అవకాశముందని తెలిసి చేసినదీ కాకూడదు. 28వ సెక్షన్ ప్రకారం భయంతోనో, వాస్తవం తెలియకనో, తను దేనికి ఒప్పుకుంటున్నదీ అర్థం కానంత మత్తులోనో ఇచ్చిన సమ్మతి సమ్మతి కాదు. ముఖానికి శాశ్వతంగా వికృతి కలగడం, చూపు పోవడం చట్టం దృష్టిలో తీవ్రమైన గాయాలే. కళ్లు, ముక్కు, నోటి దగ్గర జిగురు వద్దని కింద గట్టిగా చెప్పడానికి అదొక అదనపు కారణం. బ్రిటన్‌లో ఉంటున్న తెలుగువారు ఇంకో సంగతి తెలుసుకోవాలి. అక్కడ 1993 నాటి హౌస్ ఆఫ్ లార్డ్స్ తీర్పు తరువాత, ఇలాంటి ఆటల్లో దేహానికి చెప్పుకోదగ్గ గాయమైతే ‘ఆమె ఒప్పుకుంది’, ‘అతను ఒప్పుకున్నాడు’ అన్న వాదన నిలవదు.

మీ చర్మం ఇందుకు సిద్ధంగా ఉందా?

ఈ అడుగును దాటవేసేవారే ఎక్కువ, దెబ్బతినేవారూ వారే. మనవాళ్లలో చాలామంది మంగు మచ్చలకో, తెల్లబడడానికో, తామరకో దుకాణంలో అడిగి తెచ్చుకున్న క్రీములు నెలల తరబడి రాస్తుంటారు. వాటిలో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది, కొన్నింటిలో చర్మం పైపొర రాలేలా చేసే ట్రెటినోయిన్ కూడా కలిసి ఉంటుంది. దీర్ఘకాలం స్టెరాయిడ్ రాసిన చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. మామూలు చర్మం మీద ఎర్రదనంతో పోయే పట్టీ, దాని మీద నుంచి పైపొరను వెంట తీసుకుని వస్తుంది. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు మింగేవారి సంగతీ అంతే. ఇలాంటి మందులు వాడుతున్నంత కాలం, ఆపిన తరువాత కూడా కొన్ని నెలలపాటు జిగురు వద్దు. ఎప్పుడు మొదలుపెట్టవచ్చో చర్మవైద్యులను అడగండి.

మధుమేహం వల్ల కాళ్లలో స్పర్శ తగ్గినవారు, రక్తం పలచబడే మందులు వాడేవారు, ఎగ్జిమా, సోరియాసిస్ ఉన్నవారు కూడా దూరంగా ఉండాలి. సోరియాసిస్ ఉన్నవారిలో చర్మం గీసుకుపోయిన చోటే కొత్త మచ్చ లేవవచ్చు. గాయం మానాక గడ్డకట్టినట్లు ఉబ్బే కెలాయిడ్ మచ్చలు మీకు గానీ మీ ఇంట్లోవారికి గానీ ఉంటే, ఛాతీ, భుజాల మీద అసలు ప్రయత్నించకండి.

అలర్జీ చరిత్రను ఒకరినొకరు సూటిగా అడగండి. స్టిక్కర్ బొట్టు పెట్టుకుంటే దురద వచ్చేదా? నుదుటి మీద అక్కడే తెల్లమచ్చ పడిందా? బొట్టుబిళ్లల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉండవచ్చు. అది కొందరిలో రంగునిచ్చే కణాలను చంపి తెల్లమచ్చ మిగులుస్తుంది. ఈ రసాయనంతో చేసిన రెసిన్లే చెప్పులు, తోలు అంటించే రబ్బరు జిగుర్లలోనూ కలుస్తాయి. బొట్టుతో ఇబ్బంది పడిన మనిషికి ఒంటి మీద ఇంకే జిగురైనా పెట్టే ముందు చర్మవైద్యుల సలహా తీసుకోవలసిందే. కృత్రిమ గోళ్లు, కనురెప్పల పొడిగింపు చేయించుకున్నప్పుడు కళ్లు, వేళ్లు వాచినవారికి అక్రిలేట్, సయనోఅక్రిలేట్ (సూపర్ గ్లూ రకం) జిగుర్లు పడకపోయే అవకాశం చాలా ఎక్కువ. రబ్బరు చేతొడుగులు, బెలూన్లు పడనివారికి పాతకాలపు జింక్ ఆక్సైడ్ ప్లాస్టర్ కూడా పడకపోవచ్చు. అందులో సహజ రబ్బరు, దేవదారు జాతి చెట్ల రెసిన్ ఉండే అవకాశం ఉంది.

ముందు తీసే ద్రవం, తరువాత జిగురు

దుకాణానికి వెళ్లి మొదట కొనవలసింది జిగురును వదిలించే ద్రవం. దానికి తగిన జిగురును ఆ తరువాత ఎంచుకోండి. ఈ క్రమం తిప్పకండి.

పేగు శస్త్రచికిత్స తరువాత పొట్ట మీద సంచి అంటించుకుని జీవించే రోగుల కోసం సిలికాన్ ఆధారిత ‘అడ్హెసివ్ రిమూవర్’ స్ప్రేలు, తుడుపు కాగితాలు తయారవుతాయి. రోజూ అదే చోట అంటించి, తీసి, మళ్లీ అంటించవలసిన చర్మం కోసం చేసినవి కనుక వాటికన్నా సౌమ్యమైనవి నాకు తెలియవు. చర్మం మండదు, తొందరగా ఆరిపోతుంది. స్టోమా (ఆ సంచి అమర్చడానికి పొట్ట మీద చేసే రంధ్రం) సామగ్రి అమ్మే సర్జికల్ దుకాణాల్లో అడగండి. హైదరాబాదులో అయితే కోఠీ పరిసరాల్లో వెతకవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి. అక్కడే అంటించే ముందు చర్మానికి రాసే రక్షణ పొర తుడుపులు కూడా ఉంటాయి. అవి రెండూ కొనండి. ‘స్టోమా కోసం’ అంటే ఎవరూ మరో ప్రశ్న వేయరు.

ఇక జిగుర్లు. మొదటిసారి ఆడేవారికి నా సలహా, సీసాలో దొరికే జిగురు వద్దు, పట్టీతో మొదలుపెట్టండి. సిలికాన్ జిగురు పూసిన వైద్య టేపు చర్మాన్ని అన్నిటికన్నా తక్కువ లాగుతుంది, వృద్ధులకూ పసిపిల్లలకూ ఆసుపత్రుల్లో వాడేది అదే. దాని తరువాత కాగితపు సర్జికల్ టేపు. అక్రిలిక్ జిగురు ఉన్న ఈ టేపులకు ఒక గుణం ఉంది. అంటించిన కొత్తలో సులువుగా వస్తాయి, గంటలు గడిచేకొద్దీ చర్మపు గీతల్లోకి పాకి పట్టు బిగిస్తాయి. పదిహేను నిమిషాలకు హాయిగా ఊడిన పట్టీ రాత్రంతా ఉంచితే అలా ఊడదు.

ఈకలు, కొమ్ములు, ముసుగు అంచులు నిలవాలంటే రంగస్థల అలంకరణకు తయారయ్యే నీటి ఆధారిత అక్రిలిక్ జిగురో, కృత్రిమ అవయవాలు అమర్చడానికి వాడే సిలికాన్ జిగురో కావాలి. రెండింటికీ వాటి తయారీదారు సూచించిన వదిలింపు ద్రవం జతగా కొనాలి. నాటకాల మీసాలకు వాడే స్పిరిట్ గమ్ చవక, అయితే చెట్టు రెసిన్, ఆల్కహాల్ కలిసినది. అది పడనివారు తక్కువేమీ కాదు. పట్టు పెరగాలని పట్టీ కింద టించర్ బెంజాయిన్ పూసే అలవాటు కొందరికి ఉంది, మందుల దుకాణాల్లో సులువుగా దొరుకుతుంది కూడా. దాన్ని దూరం పెట్టండి. పట్టు పెరిగినకొద్దీ తీసేటప్పుడు పైపొర లేచిపోయే ప్రమాదం పెరుగుతుంది, అలర్జీలకూ అది పేరుపొందినదే.

సూపర్ గ్లూ గురించి వివరంగా

‘డాక్టర్లు గాయాలకు వాడేదీ ఇదే కదా’ అన్న వాదన ఇక్కడ చాలా ప్రమాదం తెస్తుంది. అందుకే దీని గురించి కాస్త వివరంగా చెప్పనివ్వండి.

కొడాక్ సంస్థలో పనిచేసిన హ్యారీ కూవర్ బృందం రెండో ప్రపంచయుద్ధ కాలంలో సయనోఅక్రిలేట్లతో పనిచేస్తున్నప్పుడు, ముట్టుకున్న ప్రతిదానికీ అంటుకుపోతోందని పక్కన పెట్టేసింది. అదే 1958లో జిగురుగా బజారుకు వచ్చింది. ఆసుపత్రుల్లో వాడేదీ, ఫెవిక్విక్ వంటి ఇంటి జిగురూ ఒకే కుటుంబానికి చెందినవన్నది నిజం. ఒకటే అన్నది అబద్ధం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1998లో చర్మ గాయాలకు అనుమతించినది 2-ఆక్టైల్ సయనోఅక్రిలేట్. దాని అణువుకున్న పొడవైన గొలుసు నెమ్మదిగా విడిపోతుంది, పొర వంగుతుంది, సీసా క్రిమిరహితం. ఇంటి జిగురులో ఉండేది పొట్టి గొలుసున్న ఇథైల్ రకం. అది త్వరగా విడిపోతూ ఫార్మాల్డిహైడ్‌ను, ఇంకా ఇతర పదార్థాలను వదులుతుంది, కణజాలాన్ని మంటపెడుతుంది. పెళుసుగా గట్టిపడి చర్మం వంగిన చోట గీసుకుంటుంది.

ఇంకో ప్రమాదం వేడి. ఈ జిగురు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. సన్నని పొర అయితే గోరువెచ్చగా తెలుస్తుంది, చుక్క మందంగా పడితే కాలుతుంది. నూలు బట్ట మీద, దూది మీద పడితే చర్య మరీ వేగంగా సాగి పొగ రావచ్చు, కింద ఉన్న చర్మానికి బొబ్బ లేవవచ్చు. జిగురు ఒలికిందని దూదితో తుడవబోయేవారికి ఈ సంగతి ముందే తెలిసి ఉండాలి.

ఆసుపత్రి రకమైనా ఆటకు నేను సిఫారసు చేయను. దాన్ని చిన్న గాయాన్ని మూయడానికి తయారుచేశారు. అది ఐదు నుంచి పది రోజుల్లో పైపొరతోపాటు దానంతటదే రాలిపోతుంది. ‘ఆపు’ అన్నాక ఐదు రోజులు పట్టేది మన రెండు నిమిషాల హద్దుకు ఎంత దూరమో మీరే చూడండి. ఫార్మాల్డిహైడ్, సయనోఅక్రిలేట్ పడనివారికి వైద్యులే దాన్ని వాడరు. అరాల్డైట్ వంటి ఎపాక్సీలు, ఎం-సీల్, చెప్పుల రబ్బరు జిగుర్లు, పైపులు అంటించే ద్రవాలు ఒంటికి ఏ పరిస్థితిలోనూ తగలకూడదు.

చిన్న ముక్కతో పరీక్ష

ముంజేతి లోపలి వైపు, రూపాయి నాణెమంత చోట, మీరు ఆటలో వాడబోయే అదే జిగురును, అదే రక్షణ పొర మీద అంటించండి. ఆటలో ఎంతసేపు ఉంచాలనుకున్నారో అంతసేపు ఉంచి, అదే ద్రవంతో తీయండి. తీసేటప్పుడు ఫోనులో గడియారం పెట్టుకోండి. ద్రవం తగిలిన క్షణం నుంచి పూర్తిగా ఊడేదాకా ఎంత పట్టిందో రాసుకోండి. నాణెమంత చోటుకే నాలుగు నిమిషాలు పడితే వీపంతా అంటించాక ఏమవుతుందో అర్థమవుతుంది. ఆ జిగురును పక్కన పెట్టేయండి.

తీశాక పని అయిపోలేదు. జిగురు అలర్జీ చాలాసార్లు ఆలస్యంగా బయటపడుతుంది, అందుకే నాలుగు రోజులు గమనించండి. గోధుమ, చామనచాయ, నల్లని చర్మాల మీద ఎరుపు స్పష్టంగా కనిపించదు. కాబట్టి కంటి మీదే ఆధారపడకండి. పరీక్షించిన చోటినీ, రెండో చేతిలో అదే చోటినీ వేలి వెనుక భాగంతో తాకి పోల్చండి. వెచ్చగా ఉందా, ఉబ్బుగా ఉందా, చుట్టుపక్కలకన్నా ముదురుగానో ఊదాగానో ఉందా, దురద ఉందా చూడండి. వీటిలో ఏది ఉన్నా ఆ జిగురు మీకు కాదు. ఇద్దరూ పరీక్ష చేసుకోవాలి, అంటించేవారి వేళ్లకు కూడా జిగురు తగులుతుంది కదా. ఒకసారి పడింది కాబట్టి ఎప్పుడూ పడుతుందని అనుకోవద్దు. అక్రిలేట్ అలర్జీ పదే పదే తాకడం వల్లే పుడుతుంది.

ఎక్కడ వద్దు

నోరు, ముక్కు మూసేలా ఏదీ అంటించకండి. టేపు అయినా సరే. వాంతి వచ్చినా, జలుబుతో ముక్కు బిగుసుకున్నా ఊపిరి ఆగడానికి క్షణాలు చాలు, తీయడానికి అంతకన్నా ఎక్కువే పడుతుంది. శరీరంలోని ఏ రంధ్రాన్నీ జిగురుతో మూయకూడదు. పెదవులు, జననాంగాల లోపలి పొర, మలద్వారం వంటి తడి పొరలు బయటి చర్మంకన్నా ఎంతో పలచనివి. అక్కడ ఏ జిగురూ తగదు. కళ్ల చుట్టూ, మెడ ముందు భాగం, చంకలు, గజ్జలు, చనుమొనలు, పుట్టుమచ్చలు, మానని గాయాలు, ఎండకు కమిలిన చోట్లు కూడా వదిలేయండి. చేయి, కాలు, వేలు చుట్టూ పూర్తి వలయంగా టేపు వేయకండి. కింది భాగం వాచినప్పుడు అది ఉచ్చులా బిగుస్తుంది.

పనికివచ్చే చోట్లు: భుజం వెనుక, వీపు పైభాగం, ముంజేతి బయటి వైపు, తొడ ముందు భాగం. అక్కడ చర్మం మందంగా, పొడిగా ఉంటుంది, చేయి సులువుగా అందుతుంది.

ఆట రోజు

అంటించే చోట వెంట్రుకలు ఉంటే కత్తెరతో కురచగా కత్తిరించండి. గీసుకోవాలనుకుంటే రెండు రోజుల ముందే గీసుకోండి. వ్యాక్సింగ్ చేయించుకున్న వారంలో జిగురు వద్దు. సబ్బుతో కడిగి, మెత్తగా అద్ది, పూర్తిగా ఆరనివ్వండి. ఆ రోజు నూనె, క్రీమ్, పౌడర్ ఏవీ వద్దు. రక్షణ పొర రాసి, అది ఆరాకే అంటించండి.

కిటికీ తెరిచి ఉంచండి. కొవ్వొత్తి, అగరుబత్తి, సిగరెట్, దోమల చక్రం గదిలో ఉండకూడదు. వదిలింపు ద్రవాలకు, స్పిరిట్‌కు, గోళ్ల రంగు తీసే అసిటోన్‌కు నిప్పు వేగంగా అంటుకుంటుంది. కరిగిన కొవ్వొత్తి మైనంతో ఆడే ఆటనూ జిగురు ఆటనూ ఒకే రోజు కలపవద్దని చెప్పేది అందుకే.

టేపు వేసేటప్పుడు చర్మాన్ని గానీ టేపును గానీ సాగదీయకండి. సాగిన టేపు వెనక్కి ముడుచుకోవాలని చూస్తుంది, ఆ లాగుడుకే దాని అంచుల కింద నీటి బొబ్బలు లేస్తాయి. మధ్యలో ఆనించి అంచుల వైపు నిమరండి. ఒక కొసను అర అంగుళం మేర లోపలికి మడవండి, తీసేటప్పుడు పట్టుకోవడానికి పనికొస్తుంది. సీసా జిగురు అయితే సన్నగా పూసి, తయారీదారు చెప్పినంత సేపు ఆరనిచ్చి అంటించండి.

మొదటిసారి అరగంట దాటనివ్వకండి. చేతులు, కాళ్ల మీద ఏదైనా ఉంటే ప్రతి పది నిమిషాలకూ ఒక గోరును నొక్కి వదలండి. తెల్లబడిన గోరుకు రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. ఆలస్యమైనా, వేళ్లు తిమ్మిరెక్కినా, చల్లబడినా వెంటనే తీయడం మొదలుపెట్టండి. మంట అంటే హెచ్చరిక, దాన్ని ఆటలోని నొప్పిగా లెక్కవేసి ఓర్చుకోకూడదు. ఎండాకాలంలో చెమట జిగురు కింద చేరి చర్మాన్ని నానబెడుతుంది, నానిన చర్మం సులువుగా చిరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఫ్యాను, ఏసీ లేని గదిలో ఆ అరగంటను సగానికి తగ్గించండి. జిగురు ఉన్న మనిషిని ఒంటరిగా వదలకండి, జిగురుతో నిద్రపోనివ్వకండి.

తీయడం

వెలుతురు బాగా వేయండి. ఆట మూడ్ పోతుందని మసక దీపంలో తీయబోవద్దు. వదిలింపు ద్రవం, మొద్దు కొస ఉన్న కత్తెర, మెత్తటి గుడ్డ, గోరువెచ్చని నీళ్లు, వాసెలిన్ అంటించడానికి ముందే చేతికందేలా పెట్టుకుని ఉండాలి.

మడిచిన కొసను ఒక చేత్తో ఎత్తండి. రెండో చేతి వేలిని టేపు విడిపోతున్న గీత పక్కనే చర్మం మీద ఆనించి ఆపండి. ఆ గీతలోకి ద్రవం రెండు చుక్కలు వేసి, పది పదిహేను సెకన్లు ఊరుకోండి. ఇప్పుడు టేపును పైకి ఎత్తకుండా, దాని మీదకే వెనక్కి మడిచి, చర్మానికి సమాంతరంగా, వెంట్రుకలు మొలిచిన దిశలో లాగండి. జరగవలసిందేమిటంటే, టేపు చర్మాన్ని లాగకూడదు, మీరు వేలితో చర్మాన్ని టేపు నుంచి కిందికి నొక్కుతూ విడదీయాలి. చర్మం గుడారంలా పైకి లేస్తుంటే ఆగండి, మళ్లీ ద్రవం వేయండి. ఒక్క ఊపున పీకేయడం సినిమాల్లో బాగుంటుంది, మీ చర్మానికి మాత్రం కాదు. ఆ లాగుడు అనుభూతే మీకు ఇష్టమైతే ఇలా నెమ్మదిగా తీస్తే అది ఎక్కువసేపు ఉంటుంది, గాయమూ కాదు.

సిలికాన్ ద్రవం లేని సమయంలో కాగితపు టేపు వంటి అక్రిలిక్ పట్టీలకు కొబ్బరి నూనె పనికొస్తుంది. అంచుల్లో పోసి ఐదు నిమిషాలు నాననివ్వండి. సిలికాన్ జిగురుకు దాని జత ద్రవమే కావాలి. మిగిలిన జిడ్డును గీకవద్దు, ద్రవంలో తడిపిన గుడ్డతో అద్ది తీసి, సబ్బు నీటితో కడిగేయండి.

పొరపాటున సూపర్ గ్లూతో వేళ్లు అంటుకుపోతే లాగకండి. గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి, మధ్యలో నూనె వేసి, చెంచా కాడ వంటి మొద్దు అంచును నెమ్మదిగా దొర్లిస్తూ విడదీయండి. వేలి మీద, చిట్లని చర్మం మీద అయితే గోళ్ల రంగు తీసే అసిటోన్‌ను కొద్దిగా వాడవచ్చు. ముఖం, జననాంగాలు, గాయాల దగ్గర అసిటోన్ తగలకూడదు. ఇంకా రాకపోతే వదిలేయండి, కొద్ది రోజుల్లో పైపొరతో పాటు అదే రాలుతుంది.

తరువాత

ఎరుపు, గీతలు గంటలో తగ్గాలి. పైపొర లేచిపోయి తడిగా మెరుస్తుంటే గోరువెచ్చని నీటితో కడిగి, వాసెలిన్ పూసి, గాయానికి అంటని గాజుగుడ్డ (గాజ్) వేసి కట్టండి. ఆ చోట మళ్లీ టేపు అంటించకుండా చుట్టూ బ్యాండేజీతో చుట్టండి. పసుపు, టూత్‌పేస్టు, నీళ్లు కలపని డెటాల్, టాల్కం పౌడర్ వద్దు. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ కలిపిన ట్యూబు కూడా వద్దు. నీటి బొబ్బను పగలగొట్టకండి. జిగురు వేడికి కాలిందనిపిస్తే ఇరవై నిమిషాలు ధారగా నీళ్లు పోయండి, ఐసు పెట్టవద్దు. మన చర్మాలకు చిన్న గాయం మానాక కూడా నల్లమచ్చ నెలల తరబడి నిలుస్తుంది, ఆ చోటికి ఎండ తగలకుండా బట్ట కప్పుకోండి. పూర్తిగా మానేదాకా అక్కడ మరో ఆట వద్దు.

కంట్లో జిగురు పడితే రెప్పలను విడదీయబోకండి, ఏ ద్రవమూ వేయకండి. శుభ్రమైన నీటితో పదిహేను నిమిషాలు కడుగుతూ ఉండి, అటు నుంచి అటే నేత్ర వైద్యుల దగ్గరికి వెళ్లండి. పెదవులు అంటుకుంటే గోరువెచ్చని నీళ్లు, లాలాజలం తగలనివ్వండి, చాలావరకు ఒకటి రెండు రోజుల్లో విడిపోతాయి. అయితే ముక్కుతో ఊపిరి సరిగా ఆడకపోతే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. పెదవులు, నాలుక వాచడం, పిల్లికూతలు, ఒళ్లంతా దద్దుర్లు, కళ్లు తిరగడం కనిపిస్తే అది తీవ్రమైన అలర్జీ. టేపు తీసే పనిలో ఉండిపోకుండా వెంటనే 108కి ఫోను చేయండి.

దద్దురు అంటించిన చోటును దాటి పాకినా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఎరుపు గీతలుగా పైకి పాకుతున్నా అదే రోజు చర్మవైద్యులను కలవండి. వైద్యులకు అబద్ధం చెప్పవద్దు. ‘మేమిద్దరం ఇష్టపడే అంటించుకున్నాం, ఈ జిగురు, ఇంతసేపు ఉంది, దీనితో తీశాం’ అంటే చాలు, వారికి కావలసిందీ అంతే. రోగి వివరాలను గోప్యంగా ఉంచడం వైద్యుల వృత్తి నియమం. జిగురు సీసానో, టేపు డబ్బానో వెంట తీసుకువెళ్లండి. దాని మీద రాసి ఉన్న రసాయనం పేరు చూస్తే ఏ అలర్జీ పరీక్ష చేయాలో వారికి తెలుస్తుంది.